తెడ్డు సినిమాలో తొమ్మిది సెకన్లు

వీడియో క్యాసెట్టు వెనక ఐదు స్క్రూలుంటాయి. మూలకొకటి, మధ్యలో ఒకటి. టేపులక్క వాటిని వరసగా విప్పి, ఏది ఎక్కడిదో తారుమారు కాకుండా ఒక అట్టముక్క మీద అవే చోట్ల గుచ్చి పెట్టింది. మూత పైకి లేపింది. రీళ్ళ అంచున పిండి చల్లినట్టు తెల్లటి బూజు. బూజుకి ఆమె భయపడదు. స్పిరిటూ, నూలు రాలని గుడ్డా, రెండు గంటల ఓపికా ఉంటే పోతుంది. రీలుని నెమ్మదిగా తిప్పుతూ ఆమె వేళ్ళు వెతుకుతున్నది ఇంకోదాన్ని. సగం దాటాక దొరికింది. టేపు వెనకవైపు గోరంత అతుకు. ఆరేళ్ళ కిందట తన చేత్తో తను వేసిన అతుకు.

అరచేతులకి చెమట పట్టింది. చెమట చేత్తో టేపు ముట్టుకోకూడదు. రీలు వదిలేసి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, నూలు చేతితొడుగులు వేసుకుంది. పొద్దుటి నుంచి అది మూడోసారి.

"ఆ చేతులకి ఏమంటిందే అమ్మాయ్, అన్నిసార్లు కడుగుతున్నావ్?" అంది గల్లా దగ్గర కూర్చున్న అత్తయ్య.

ఏమీ లేదత్తయ్యా అంది. అత్తయ్య కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి మళ్ళీ చిల్లర లెక్కలో పడింది.

ఆ షాపు నిజానికి ఫ్యాన్లకీ మిక్సీలకీ. కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె చేత పట్టింది రాగి తీగ చుట్టే పనే. ఒకరోజు ఎవరో పారేయమని ఇచ్చిన వీడియో డెక్కుని మధ్యాహ్నం ఖాళీలో విప్పింది. బిగించింది. ఒక స్క్రూ మిగిలింది. మళ్ళీ విప్పింది. ఎవరూ నేర్పలేదు, పుస్తకమూ లేదు. పదకొండోసారికి డెక్కు తిరిగింది. ఇప్పుడు భర్త బయట పంపు మోటార్లు చూసుకుంటాడు, షాపు ఆమె చూసుకుంటుంది. ఊరు మొత్తం మీద పాత టేపు ముట్టుకునే మనిషి ఇంకొకరు లేరు. అందుకే సినిమా క్లబ్బు వాళ్ళు ఆమెని టేపులక్క అన్నారు. అసలు పేరుతో పిలిచేది కరెంటు బిల్లు ఒక్కటే.

ఆ క్లబ్బు ఆదివారం మధ్యాహ్నాలు టైలర్ గారి పై గదిలో కూర్చుంటుంది. ఆయనకి తూర్పు దేశాల కత్తియుద్ధాలూ, కర్రసాములూ, ఎవరూ చూడక మూలన పడ్డ వింత సినిమాలూ అంటే ప్రాణం. గదిలో ఒక టీవీ, రెండు బెంచీలు, బట్ట కత్తిరించే పెద్ద బల్ల. సినిమా అయ్యాక ఎవరూ నోరు మెదపకూడదు. ముందు నల్ల లైనింగు గుడ్డ పరిచి, టైలర్ సుద్దతో ఎవరి మార్కు వాళ్ళు పదికి వేయాలి. అందరివీ పడ్డాకే వాదన. ఒకసారి వేసిన మార్కు తుడవాలంటే ఆ సినిమా మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూసి తీరాలి. ఎవరి మార్కునీ మాటలతో మార్చలేరు.

బస్సు కండక్టరు ఒకడున్నాడు, ఎప్పుడూ అరమార్కు తగిలిస్తాడు. ఆరున్నర, నాలుగున్నర. చిల్లర లేకుండా అతనికి పని జరగదని ఎగతాళి. మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒకతి, ప్రతి సినిమాకీ పావుగంట మాట్లాడుతుంది, ఆమె పేరు లెక్చరు. టేపులక్క పెద్దగా మాట్లాడదు. దెబ్బ తగిలినట్టు కనిపిస్తోందా, పడ్డవాడు నిజంగా పడ్డాడా, ఇదే చూస్తుంది, మార్కు వేస్తుంది, టీ గ్లాసులు కడుగుతుంది.

ఆమె మార్కు వేయని సినిమా ఒక్కటే. తెడ్డు సినిమా. ముందు భాగం ఎప్పుడో అరిగిపోయి పేరు పోయింది కాబట్టి క్లబ్బు పెట్టుకున్న పేరది. ఒక ముసలి పడవవాడు, చేతిలో తెడ్డు, ఒక మిల్లు మెట్లు, ఎదురుగా ఏడుగురు. తెడ్డు పైకి లేస్తుంది. తెర ఒక్కసారి మినుక్కుమంటుంది. మరుక్షణం ముసలాయన మెట్ల కింద నిలబడి ఉంటాడు, ఏడుగురూ పడి ఉంటారు. మధ్యలో ఏం జరిగిందో లేదు.

దాని మీద ఆరేళ్ళుగా యుద్ధం. కండక్టరు నాలుగున్నర వేశాడు. ఫైటు మాస్టరు జీతం ఇవ్వలేదని వెళ్ళిపోయి ఉంటాడు గురూ, అందుకే చూపించలేదు అంటాడు. లెక్చరు పదికి పది వేసింది. కొట్టడాన్ని చూపించడం తెలిసినవాళ్ళు వెయ్యిమంది, చూపించకుండా కన్నార్పినవాడు ఈయనొక్కడే అంటుంది. ఆ మినుకు దర్శకుడి కనురెప్ప అని ఆమె వాదన. ఆమె అలా అన్న ప్రతిసారీ టేపులక్క గ్లాసులు మళ్ళీ కడిగేది.

ఎందుకంటే ఆ కనురెప్ప తనది.

ఆరేళ్ళ కిందట, ఆ సినిమా ఇంకా ఎవరూ పూర్తిగా చూడకముందే, మొదటిసారి పెట్టినప్పుడే టైలర్ గారి డెక్కు ఆ టేపుని నమిలేసింది. జానెడు ముక్క కాగితం ఉండలా నలిగి బయటికొచ్చింది. అలాగే వదిలితే టేపుని చదివే డెక్కు తల పగిలేది. ఆ ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి అతికింది. ఆ క్షణానికి అది సరైన పనే. తప్పు ఆ తర్వాత ఐదు నిమిషాలకి జరిగింది. టైలర్ గారు పరిగెత్తినట్టు వచ్చి, ఆయాసపడుతూ, "ఏమీ పోలేదుగా చెల్లెమ్మా?" అని అడిగాడు. ఆ సినిమా ఇంకెక్కడా లేదు, తనకి ఒక నావికుడిచ్చిన ఈ టేపు ఒక్కటే. ఆ మొహం చూసి ఆమె నోటికి వచ్చిన మాట, "ఏమీ పోలేదన్నయ్యా."

ఇక అంతే. వచ్చే ఆదివారం చెబుదామనుకుంది. వచ్చే ఆదివారం లెక్చరు పదికి పది వేసింది. ఆ తర్వాత నోరు పెగల్లేదు.

ముక్క మాత్రం పారేయలేదు. కోసిన టేపు ఎంత చిన్నదైనా ఆమె కవరులో పెట్టి తేదీ వేస్తుంది. ఆ అలవాటు ఆమెని ఆరేళ్ళు నిద్రపోనివ్వలేదు. రెండో సొరుగులో, ఫ్యూజుల డబ్బా కింద ఉందది. మంగళవారం దాన్ని బయటికి తీసి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన గాజు పలకా, దాని మీద రెండు ఇనుప ఇస్త్రీ పెట్టెలూ ఉంచింది. చల్లవే. వేడి తగిలితే టేపు చస్తుంది.

మంగళవారమే ఎందుకంటే, సోమవారం టైలర్ గారు క్యాసెట్టు తెచ్చి కబురు చెప్పాడు. పాత సినిమాలు దాచే సంస్థ వాళ్ళు ఆదివారం క్లబ్బుకి వస్తున్నారు. సినిమా చూసి, టేపు పట్టుకెళ్ళి, నకలు తీసి భద్రపరుస్తారట. లెక్చరు వ్యాసం చదువుతుందట. బూజు దులిపి శనివారం సాయంత్రం ఐదింటికి ఇస్తే చాలన్నాడు.

ఆ సంస్థలో టేపు తెలిసినవాళ్ళుంటారు. మూత తీయగానే అతుకు చూస్తారు. ఎవరు కోశారని అడుగుతారు, నలుగురి ముందూ. అతుకు విప్పి ముక్కని గుట్టుగా తిరిగి పెట్టేస్తే? అప్పుడు లెక్చరు కనురెప్ప గురించి చదివి కూర్చున్నాక, తెర మీద కనురెప్ప ఉండదు. ఆ పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఎటు తిప్పినా స్క్రూ ఒకచోటే దిగుతోంది. చెప్పాలి. చెబితే, తమ ఒక్కగానొక్క టేపులు తెచ్చి కళ్ళు మూసుకుని తన బల్ల మీద పెట్టేవాళ్ళు రేపటి నుంచి పెడతారా?

శనివారం పదకొండున్నరకి బూజు పని అయింది. ఇస్త్రీ పెట్టెలు దించింది. ముక్క చదునుగా వచ్చింది, మడతల గీతలు మాత్రం పోలేదు. పాత అతుకు ఊడదీసింది. ముక్కని మధ్యలో ఆనించి, కొసకి కొస కలిపి, వెంట్రుకంత సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, వెనకనుంచి సన్నటి అతుకు పట్టీ వేసింది. అంచు దాటిన బంకని బ్లేడుతో తీసింది. ఒక అతుకు పోయి రెండయ్యాయి.

పాడైనా పర్వాలేదనుకున్న పాత డెక్కులో పెట్టబోతుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడు. లెక్చరు. భోజనం వేళకి మందుల షాపు మూసి వచ్చింది. చేతిలో క్లబ్బు ఏటా వేసే చిన్న పుస్తకం, ఇంకా అచ్చు వాసన పోలేదు. నలభై కాపీలు. మొదటిది అక్కకే అంది. చివరి పేజీలో కృతజ్ఞతలు చూడమంది. "ఈ టేపుని ఒక్క సెకను కూడా పోకుండా కాపాడిన మా టేపులక్కకి" అని ఉంది.

టేపులక్క ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"అచ్చుతప్పా అక్కా?" అంది లెక్చరు.

"తప్పే. నాది. ఆ కనురెప్ప నేను వేసిందే. జానెడు టేపు కోశాను. తొమ్మిది సెకన్లు. అన్నయ్యతో ఏమీ పోలేదని అబద్ధం చెప్పాను."

గల్లా దగ్గర అత్తయ్య చేతిలో చిల్లర ఆగింది. లెక్చరు పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని ఆ వాక్యం మళ్ళీ చదువుకుంది. తర్వాత మెల్లగా, "ఆరేళ్ళు నన్ను మాట్లాడనిచ్చావు" అంది.

"ఇచ్చాను."

"కండక్టరుతో బస్సులో కూడా పోట్లాడాను."

"తెలుసు."

ఆ తర్వాత లెక్చరు అడిగింది ఒక్కటే. ఆ తొమ్మిది సెకన్లలో ఏముంది?

టేపులక్క టేపు డెక్కులో పెట్టింది. మొదటి అతుకు తల మీదుగా పోయేటప్పుడు కళ్ళు మూసుకుంది. విరిగే చప్పుడు రాలేదు. తెర ఒకసారి ఊగింది. తెల్ల గీతల వెనకనుంచి ముసలాయన మెట్లు దిగుతున్నాడు. ఎక్కడా తెంపకుండా, కెమెరా కదలకుండా, ఒకే బిగిన. తెడ్డు ఇటు, అటు. మూడో మెట్టు మీద ఆయన కాలు జారింది. నటించిన జారుడు కాదది, నిజంగా జారాడు. తెడ్డు మొన మెట్టుకి ఆనించి నిలదొక్కుకుని, అదే ఊపులో నాలుగోవాణ్ణి పడగొట్టాడు. ఎదుటివాడి మొహంలో నిజం భయం. మళ్ళీ తెర ఊగింది. అయిపోయింది.

లెక్చరు వెనక్కి తిప్పమంది. మూడుసార్లు చూసింది. మూడోసారి, ముసలాయన జారినప్పుడు ఆమె చెయ్యి దానంతటదే బల్ల అంచు పట్టుకుంది.

"జారినదాన్ని తీసేయకుండా ఉంచారు" అంది.

"మళ్ళీ తీసే ఓపిక దర్శకుడికి లేకపోయి ఉంటుంది. లేదా బాగుందని ఉంచారు. నాకు తెలీదు. పని మాత్రం గట్టి పని."

లెక్చరు పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకుంది. రేపు వ్యాసం ఉన్నదున్నట్టే చదువుతానంది. చదివాక సినిమా మొదటి నుంచి వేయాలంది, ఆరేళ్ళనాటి మార్కులన్నీ అందరూ తుడవాలంది. ఎందుకు తుడవాలో చెప్పే పని తనది కాదంది. ఎప్పుడూ వెళ్ళేటప్పుడు వస్తానక్కా అంటుంది. ఈసారి అనలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

టేపులక్క కాసేపు గుమ్మంకేసి చూసింది. అత్తయ్య టీ తెచ్చి బల్ల మీద, టేపుకి దూరంగా పెట్టింది. "ఫ్యూజుల డబ్బా కింద కవరు నేనెప్పుడో చూశాలే. ఏదో ప్రేమలేఖ అనుకున్నా. ఇదన్నమాట" అంది. టేపులక్కకి నవ్వొచ్చింది కానీ బయటికి రాలేదు.

తర్వాత ఒక చీటీ రాసింది. మూడుసార్లు రాసింది. మొదటిది పెద్దదైపోయింది, రెండోదాంట్లో క్షమాపణలు ఎక్కువయ్యాయి. మూడోది క్యాసెట్టు పెట్టె లోపల అతికించింది: ఫలానా చోట జానెడు ముక్క నలిగితే నేను కోశాను. కోసిన తేదీ ఇది. తిరిగి అతికిన తేదీ ఇది. రెండు అతుకులున్నాయి, మెల్లగా తిప్పండి. కింద తన అసలు పేరు.

ఐదుకి ఇంకా పది నిమిషాలుండగా టైలర్ గారు వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. క్యాసెట్టు కోసం కొలతకి కుట్టిన గుడ్డ సంచి తెచ్చుకున్నాడు. ఆరేళ్ళ కిందటి మొహమే, ఆరేళ్ళ కిందటి ప్రశ్నే.

"ఏమీ పోలేదుగా చెల్లెమ్మా?"

"పోయిందన్నయ్యా. అప్పుడే పోయింది. ఇప్పుడుంది. చీటీ చదువు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చీటీని బొటనవేలితో తడిమాడు, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసేవాడిలాగే. ఆమె చేతితొడుగుల లోపల మళ్ళీ చెమట.

"ఒకాయన పెళ్ళి కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కోశాను" అన్నాడు చివరికి. "కొత్త ఫ్యాషనని చెప్పాను. పాపం ఆయన నమ్మి ఫోటోలు దిగాడు. ఇప్పటికీ ఎదురొస్తే సందు మారతాను." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "రేపు నువ్వే చెప్పు. నేను చెప్పను."

"నేనే చెబుతాను."

"కండక్టరు ఊరుకోడు."

"తెలుసు."

ఆయన క్యాసెట్టు చేతిలోకి తీసుకుని తిరగేశాడు. "స్క్రూలు ఐదూ బిగించావా?"

"ఐదూ."

ఆయన దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, మూతి తాడు రెండు ముళ్ళు వేసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. టేపులక్క చేతితొడుగులు విప్పి, ఖాళీ కవరుని మడిచి, రెండో సొరుగు మూసింది.