కోర్టు కౌంటర్ దగ్గర వదినగారు

మేముండేది అమెరికాలోని నేపర్‌విల్‌లో. పోయిన వేసవిలో మా అమ్మాయి నీరజకు పెళ్లి కుదిరింది. అబ్బాయి అనిల్ ఇక్కడే పుట్టి పెరిగాడు. ఎందుకైనా మంచిదని కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో అతని పేరు కొట్టి చూశాను. ఇంటిపేరుతో సహా అదే పేరు మీద ఒక క్రిమినల్ కేసు! నంబరు తప్ప వివరాలేమీ లేవు. ఫైలు చూడాలంటే కోర్టుకే వెళ్లాలట.

మావారికి చెప్పలేను, అమ్మాయిని అడగలేను. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లి, రికార్డుల క్యూలో నిలబడ్డాను. నా వంతు రాగానే అనిల్ పేరు, కేసు నంబరు చెప్పాను.

"ఆయన పుట్టిన తేదీ చెప్పండి. ఒకే పేరుతో చాలామంది ఉంటారు" అంది కౌంటర్‌లో ఉన్నావిడ. నాకేం తెలుసు?

వెనక నుంచి ఎవరో ఆ తేదీ గబగబా చెప్పారు. తిరిగి చూస్తే అనిల్ వాళ్లమ్మగారు! సిగ్గుతో చచ్చిపోయాను.

కౌంటర్ ఆవిడ ఫైలు తీసి చూసి, "ఇతను వేరే మనిషి, వయసు యాభై దాటింది" అంది.

"సారీ వదినగారూ..." అన్నాను.

"పర్లేదు వదినా. మీ నీరజ డేట్ ఆఫ్ బర్త్ కూడా చెప్పేయండి. తన పేరు మీద ఏదో ట్రాఫిక్ కేసు కనపడితే నేనూ అందుకే వచ్చా" అన్నారావిడ తల దించుకుని.

తేదీ చెప్పాను. అది మాత్రం మా అమ్మాయిదే! స్కూలు దగ్గర కారు స్పీడుగా నడిపిందట. వదినగారు పకపకా నవ్వేశారు. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

అడగాల్సింది ఎదురుగా అడిగేస్తే ఇంత హైరానా ఉండేది కాదు. పిల్లలిద్దరికీ తెలుగు చదవడం రాదు కాబట్టి, ధైర్యంగా మీకు రాస్తున్నాను.