చెరకు సాళ్ళలో నాటకం

"జనం కూకున్నారా?" అని అడిగాడు మా ఆయన.

"ఇంకా వత్తన్నారు, నువ్వు లెగకు" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. ఆ తరవాత ఆయన కళ్ళు మూసుకున్నాడు, నేను పక్కన కూచుని విసురుతూనే ఉన్నాను, ప్రాణం ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు జ్వరంలో పలవరించాడనుకున్నారు గానీ, అది పలవరింత కాదు. నాటకం ఆడించేవాడు తెర లేపేముందు అడిగే మాట అది.

ఇన్నేళ్ళ తరవాత ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న మా రాకిరాకి సముద్రపు ఒడ్డుకి ఎక్కడినుంచో సినిమావాళ్ళు వచ్చి దిగారు. మా మనవరాలు నన్ను బస్సెక్కించి చూపించడానికి తీసుకెళ్ళింది. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే, మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది దానికొక్కదానికే. అక్కడ గొడుగు కింద మడత కుర్చీలో ఒకాయన కూచుని చెయ్యి ఇటు ఊపితే మనుషులు ఇటు వస్తున్నారు, అటు ఊపితే అటు పోతున్నారు. ఎవరే ఆయన అంటే, డైరెక్టరు, ఎవరు ఎలా నిలబడాలో ఎలా మాట్లాడాలో చెప్పేది ఆయనే అంది. ఐతే మీ తాత చేసిందీ అదే పని, ఆయనకి కుర్చీ లేదంతే అన్నాను. అది పకపకా నవ్వింది. "చెరకు నరికే తాత డైరెక్టరా ఆజీ?" అంది. సరే, కాగితం తియ్యవే, చెబుతాను అన్నాను.

గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఈ దీవికొచ్చి, చెరకు తోటల్లో కూలీలకి కట్టిన ఆ గదుల లైన్లు చూసిన నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. తడికంత అడ్డు పెట్టిన గదులు, పొయ్యి పక్కనే పడక, తెల్లారకముందే గ్యాంగు మేస్త్రీ, ఆ సర్దారు, తలుపు బాదుడు, ఆ రోజుకి కొలిచిచ్చిన పని, టాస్కు, పూర్తి కాకపోతే కూలి కోత, అన్నీ మీరూ పడ్డవే. సొంత చుట్టాలు సముద్రానికి అవతల ఉండిపోయారు గనక ఒకే ఓడలో వచ్చినవాళ్ళమే వరసలు కలుపుకున్నాం, నాకో ఓడ అక్క, ఆయనకో ఓడ బావ, ఇద్దరికీ కలిపి ఒక ఓడ తమ్ముడు. లైన్లలో తెలుగువాళ్ళం కొద్దిమందిమి, ఉత్తరాదినుంచి వచ్చిన హిందుస్తానీవాళ్ళు ఎక్కువమంది. మేం నోరు తెరిస్తే చాలు, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుందని నవ్వేవాళ్ళు. నీళ్ళ దగ్గర నేనూ ఓడ అక్కా మాట్లాడుకుంటూ ఉంటే వెనకనుంచి ఒక భారీ మనిషి మా మాట పట్టుకుని గడగడా వెక్కిరించేవాడు, మిగిలినవాళ్ళు పొట్ట పట్టుకుని పడిపోయేవాళ్ళు. అలా అలా మావాళ్ళు పదిమందిలో తెలుగు మాట్లాడడమే మానుకున్నారు. మొగుడూ పెళ్ళాలు కూడా తలుపు వేసుకుని గుసగుసలాడుకునే స్థితికి వచ్చారు.

అది మా ఆయన సహించలేకపోయాడు. ఆయన తండ్రి ఇండియాలో ఊరూరా వీధినాటకాలు ఆడించేవాడట, ఆ రక్తం ఊరుకోనిస్తుందా! చెరకు కోతలు అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం మధ్యాహ్నం లైన్లందరి ముందూ మన మాటతో ఒక నాటకం ఆడదాం అన్నాడు. మావాళ్ళు హడలిపోయారు. ఇప్పుడు నీళ్ళ దగ్గర నలుగురు నవ్వుతున్నారు, ఆ రోజు అందరూ కలిసి నవ్వితే ఇక జన్మలో నోరు ఎత్తలేం అన్నారు. ఆ మాట అబద్ధమూ కాదు. ఆయన మాత్రం, నవ్వకుండా చేసే పూచీ నాది, చెప్పినట్టు చెయ్యడం మీది అన్నాడు.

కథ పెద్దదేం కాదు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ రాజులు, పొలిమేర గట్టు కోసం కత్తులు దూస్తారు, తల్లి వచ్చి మధ్యలో నిలబడుతుంది. ఎవరికి ఏ వేషం అన్నది ఆయన రేషను పంచే చోట నిలబడి తేల్చుకున్నాడు. అందరూ తోసుకుంటూ ఉంటే కదలకుండా తన వంతు కోసం నిలబడ్డ ఓడ బావని పెద్దరాజు చేశాడు, మనిషి పొట్టి అయినా సరే. చేతికి ఏం వచ్చినా ఇంకొంచెం అనే ఒక కుర్రవాణ్ణి చిన్నరాజు చేశాడు. తల్లి వేషం ఓడ తమ్ముడికి వచ్చింది, దానికి మీసం తియ్యాలనేసరికి వాడు అన్నం మానేసి అలిగాడు. మొహానికి పసుపూ, ఇటుక పొడీ, దీపం మసీ, కిరీటాలకి బిస్కట్ల రేకు, తెరకి పంచదార గోనెలు విప్పి కుట్టిన గుడ్డ.

నేర్పించడం ఎప్పుడు? పొద్దుగూకి వస్తే వంటకే ఒళ్ళు లేవదు, నలుగురు ఒకచోట చేరితే ఏదో కుట్ర అని సర్దారుకి అనుమానం. మా ఆయన ఆ సర్దారునే పట్టుకుని, పాడుకుంటూ నరికితే గ్యాంగు పని జోరుగా సాగుతుంది, చూసుకో అని ఒప్పించాడు. ఆ మరునాటినుంచి చెరకు సాళ్ళు ఆయన పంచిపెట్టాడు. పెద్దరాజు సాలు పక్కన చిన్నరాజు సాలు, దాని పక్కన తల్లి, ఆ పక్కన మంత్రి, మధ్యలో తను. ఎవరి మాటకి ఎవరు బదులు చెప్పాలో వాళ్ళు పక్కపక్కనే ఉంటారన్నమాట. కత్తి వేటుకి ఒక మాట. నరుకుతూ నరుకుతూ పొలం ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళేసరికి నాటకం ఒకసారి అయిపోయేది.

"ఒరే చిన్నరాజా, మాట పడిపోయింది, ఏరుకో!" అని అరిచేవాడు. "రాజు ఆయాసపడడురా, ఆయాసం బంట్రోతుకి ఒదిలీ!" అనేవాడు. మేం ఆడవాళ్ళం వెనక ఆకూ చెత్తా తీస్తూ వచ్చేవాళ్ళం, ఒక్కోసారి వెనక్కి తిరిగి "ఇనపడిందేటే?" అని కేకేసేవాడు. వినపడకపోతే లేదని నేను కేకేసేదాన్ని, మరిచిపోయిన మాటలు నేనే అందించేదాన్ని. నా గొంతు ఇలా గరగరలాడడం ఆ పొలాల్లో మొదలైందే, ఇంత వయసుకీ నున్నబడలేదు.

ఆదివారం వచ్చింది. లైన్ల ముందు ఖాళీలో జనం గుండ్రంగా కూచున్నారు. గుర్రం మీద తిరిగే తెల్లదొరని మేం కులంబరు అనేవాళ్ళం, అతనూ వచ్చి గుర్రం దిగకుండానే చూస్తున్నాడు. తెర పక్కకి లాగారు. ఇద్దరు రాజులూ ఎదురెదురుగా నిలబడ్డారు. అంతే, నోట మాట లేదు.

ఆయన అన్నీ చూసుకున్నాడు, అదొక్కటీ చూసుకోలేదు. వాళ్ళు ఆ నాటకం నేర్చుకున్నన్నాళ్ళూ పక్కపక్కన వంగి, నేల చూస్తూ, వేటుకో మాట చెప్పుకున్నవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడడం అదే మొదలు. మెల్లిగా ఇద్దరూ పక్కపక్కకి జరిగారు, నడుము వంచారు, ఉత్త చేతులు ఊపుతూ నేలతో మాట్లాడడం మొదలుపెట్టారు. నీళ్ళ దగ్గర వెక్కిరించే ఆ భారీ మనిషి లేచి నిలబడి, "అరే దేఖో, మద్రాజీ లోగ్ ఇత్వార్ కే భీ గన్నా కాటే!" అని అరిచాడు. మద్రాజీలు, అంటే మేం, ఆదివారం కూడా చెరకు నరుకుతున్నారహో అని. జనం గొల్లుమన్నారు. కులంబరు గుర్రం మీదే ఊగిపోతున్నాడు. ఓడ అక్క పైట నోట్లో కుక్కుకుని తల దించేసింది.

మా ఆయన తాళాలు వాయిస్తూ రంగం మీదే ఉన్నాడు. తాళం ఆపలేదు. వాయిస్తూనే మా వైపు నడిచి వచ్చి, "ఎడ్ల కాడ మేతకేసిన చెరకు పట్రండి, ఆడోళ్ళందరూ, బేగి!" అన్నాడు. ఎందుకని అడిగే తీరిక లేదు, పరుగెత్తి తెచ్చాం. మమ్మల్ని రంగం మధ్యలో వరసగా నిలబెట్టాడు, ఆకుతో సహా ఒక్కొక్కరి చేతిలో నిలువుగా ఒక్కొక్క చెరకు. అటు అన్న, ఇటు తమ్ముడు. చెరకు కత్తులు తెప్పించి ఇద్దరికీ ఇచ్చి, "ఇదేరా మీ గట్టు. కొట్టండి" అన్నాడు.

చేతిలో కత్తి పడగానే మాటలు వచ్చేశాయి. అబ్బ, ఎలా వచ్చాయనుకున్నారు! అటునుంచి ఒక తిట్టు, ఒక వేటు, ఇటునుంచి ఒక తిట్టు, ఒక వేటు. చెరకు తెగిన ఆడది తెగినట్టే కూలబడేది. నవ్వులు తగ్గాయి. కులంబరు నవ్వు కూడా పోయింది, వేరే కారణానికి. ఇద్దరు కూలీలు, చేతుల్లో కత్తులు, మధ్యలో ఆడవాళ్ళు. అతను ఏదో గట్టిగా అరిచాడు, సర్దారు కర్ర పట్టుకుని ముందుకు వచ్చాడు. అప్పుడు ఆపేస్తే మిగిలేది ఒకటే మాట, మద్రాజీలు కత్తులతో కొట్టుకున్నారని. నాటకం సంగతి పోయి జైలు సంగతి అయ్యేది. మా ఆయన అటు తల కూడా తిప్పలేదు, నా వైపు చూసి తాళం వాయిస్తున్నాడు.

ఆఖరి చెరకు నాది. అడుగున రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను, కన్ను మూయలేదు. నాకు మా ఓడ బావ కత్తి తెలుసు, అది ఎక్కడ పడాలంటే అక్కడే పడుతుంది. పడింది. చెరకు తల వాలిపోయింది, నేను కూచుండిపోయాను, అన్నదమ్ములిద్దరి మధ్యా ఇంకేం లేదు. ఒకరి మొహం ఒకరికి కనిపించింది. పెద్దరాజు నోరు తిట్టుకోసం తెరిచి ఉంది, తిట్టు మాత్రం రాలేదు. చిన్నరాజు చేతిలో కత్తి జారి కింద పడింది. నడుస్తూ వస్తున్న సర్దారు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు.

అప్పుడు తల్లి రావాలి, వచ్చి ఇద్దరికీ పెద్ద నీతి చెప్పాలి. ఆ మాటలు మా మామగారు కట్టినవి, మా ఆయనకి ప్రాణం. ఓడ తమ్ముడు చీర సర్దుకుని వచ్చాడు, నోరు తెరవబోయాడు. మా ఆయన వద్దని చెయ్యి అడ్డం ఆడించి తాళం కూడా ఆపేశాడు. తల్లి రెండు చేతులూ రెండు తలల మీద పెట్టింది. అంతే నాటకం.

ఎవరూ నవ్వలేదు. కులంబరు గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఓడ తమ్ముడు మాత్రం బతికినన్నాళ్ళూ సణిగాడు, "మీసం గొరిగించేసి ఒక్క మాటైనా సెప్పనియ్యలేదు మీ ఆయన" అని. మర్నాడు నీళ్ళ దగ్గరికి ఆ భారీ మనిషి వచ్చి, పెద్దరాజు తిట్టిన తిట్టు తనకి నేర్పమని నన్ను బతిమాలాడు. వాడి నోట అది పడ్డ పాట్లకి మా ఆడవాళ్ళం బిందెలు దించేసి నవ్వాం. ఆ రోజునుంచి లైన్లలో మావాళ్ళు తలుపులు తీసుకునే మాట్లాడుకున్నారు.

గిర్మిట్ అయిపోయింది, ఇటు వచ్చి కౌలుకి భూమి పట్టాం, ఏటేటా కోతలయ్యాక ఆయన నాటకం ఆడిస్తూనే వచ్చాడు. తరవాత ఊళ్ళోకి సినిమా హాలు వచ్చింది, వేషాలు కట్టే కుర్రాళ్ళు అటు వెళ్ళిపోయారు. నేను సినిమాని తక్కువ చెయ్యను. మొన్న ఒడ్డున చూశాను కదా, తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి చేయిస్తున్నారు, అదీ ఓపికే. మా ఆయనకి ఆ వీలు లేదు, తప్పులోంచే నాటకం తీయవలసి వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ హిందీలోనే కోప్పడతారు, హిందీలోనే ముద్దు చేస్తారు, తెలుగు గుడిలో దేవుడికీ, ఇంట్లో నాకూ మిగిలింది. మన మాట విని ఈ దేశంలో ఇవాళ ఎవరూ నవ్వరు. నవ్వాలంటే ముందు ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఇక చాలు, కలం కింద పెట్టు తల్లీ. ఏదీ, రాసిందంతా ఒక్కసారి చదువు, వింటాను.