నిజం చెప్పిన పెట్రోలు ముల్లు

మా బాపు పాత అంబాసిడర్‌లో పెట్రోలు ముల్లు ఏళ్ల తరబడి సున్నా మీదే పడుకుని ఉండేది. బయల్దేరే ముందు ఆయన ట్యాంకులో సన్నటి వేపపుల్ల ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూసుకునేవాడు.

తమ్ముడి పెళ్లికి ఆ కారే తీస్తానన్నాడు. పరువు పోతుందని నేనే మెకానిక్‌ను పిలిచి, ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని ముల్లుకు చేరవేసే పాత ఫ్లోటు తీయించి కొత్తది వేయించాను. ముల్లు లేచి నిలబడింది. ఇక పుల్లతో పనిలేదని బాపు దాన్ని పారేశాడు.

పెళ్లిరోజు నల్గొండ నుంచి జడ్చర్లకు బయల్దేరాం. కల్వకుర్తి దాటాక ముల్లు సున్నాకు దిగింది.

"బాపూ, ముల్లు కిందికొచ్చింది. గా బంకుల ఆపరాదే," అన్నాను.

"గది ఎప్పుడు గట్లనే ఉంటది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అంటూ ఆయన బంకు దాటించేశాడు.

కాసేపటికే కారు ఆగిపోయింది. ముహూర్తం దగ్గర పడుతోంది. బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకు, పట్టుచీరలో నేను కారును వెనక్కి తిప్పి బంకు దాకా తోశాం. బస్సులో వెళ్తున్నవాళ్లు వీడియోలు తీసుకున్నారు. బాపు స్టీరింగ్ వదల్లేదు.

"ఇన్నేండ్లల్ల నా బండి ఒక్కనాడన్న గిట్ల ఆగిందా? నువ్వు బాగుచేపిచ్చినంకనే ఆగింది," అన్నాడు.

ముహూర్తం ఎలాగో అందుకున్నాం. ఆ ముల్లు ఇప్పటికీ నిజమే చెబుతోంది. డిక్కీలో మాత్రం కొత్త వేపపుల్ల ఉంది.