మూపురం వెనక ఎత్తు

సార్ పోయారని ఆంటీ ఫోన్ చేసేసరికి నేను ఆఫీస్ పార్కింగ్‌లో, కారు దిగే ఓపిక లేక కూర్చుని ఉన్నాను. "పొద్దున కాఫీ తాగి కాసేపు పడుకుంటానన్నారమ్మా. మళ్లీ లేవలేదు" అన్నారు. ఏడుపు రాలేదు, నీరసం ముంచుకొచ్చింది. ఆ వెంటనే, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆయనకు చెప్పాల్సిన తప్పొకటి నా దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చింది.

మేము వలస వచ్చి స్థిరపడ్డ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చివాళ్లకు ఆయన రిటైరైన పశువుల డాక్టరు. ఆఫ్రికాలో ఏళ్ల తరబడి ఆవుల్ని కొలిచి వచ్చిన మనిషని చాలామందికి తెలియదు. అంకోలే జాతి ఆవు కొమ్ములెంత పొడవు, బోరాన్ గంగడోలు ఎంత వేలాడుతుంది, ఎన్‌డామా ఛాతీ చుట్టుకొలత ఎంత, అన్నీ పెన్సిల్‌తో రాసిన నోటుబుక్కులు బేస్‌మెంట్‌లో ఉండేవి. ఆ జాతులన్నిటినీ పక్కపక్కన పెట్టి ఒక్క పట్టిక చూసుకోవాలని ఆయన కోరిక. "కంప్యూటర్‌లో ఎక్కించి పెడతావా అమ్మాయ్?" అని అడిగారు. రెండేళ్లు శనివారం శనివారం వెళ్లాను.

ఆయన అంకెలు చదివేవారు, నేను టైప్ చేసేదాన్ని. చర్చిలో ఎవరైనా పొట్టిగా, దిట్టంగా కనిపిస్తే నావైపు వంగి "ఎన్‌డామా" అనేవారు. "నవ్వకు. దానికి మూపురం లేదు, ఎత్తు లేదు. కానీ పెద్ద కొమ్ములవి జబ్బుపడి కూలబడే చోట అది హాయిగా మేస్తుంటుంది." కొలుస్తుండగా ఆవు కదిలితే మళ్లీ మొదటినుంచి కొలిచేవారట. విసుగు రాదా అని అడిగితే, "నిలబడీ నిలబడీ దానికీ కాళ్లు నొప్పే కదా" అన్నారు.

మూపురమున్న ఆవుకు ఆయన రెండు ఎత్తులు రాసేవారు. మూపురం మీద ఒకటి, దాని వెనక ఒకటి. మూపురం లేని జాతితో పోల్చాలంటే వెనకది తీసుకోవాలి. ఈ చలికాలం ఆయన గొంతు బొంగురుపోయి, అంకెలు చదవలేక, నోటుబుక్కులు నాకే ఇచ్చేశారు. మా ఆఫీస్‌లో లేఆఫ్‌లు నడుస్తున్న రోజులు. బోరాన్ ఆవులన్నిటికీ మూపురం మీది ఎత్తే ఎక్కించేశాను. అది నాకు తెలిసేసరికి ఆయన పట్టిక ప్రింట్ తీయించుకుని ఆంటీకి చూపించి మురిసిపోతున్నారు. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే, మళ్లీ మొదలుపెట్టే ఓపికా లేదు. వచ్చే శనివారం చెబుదాంలే అనుకున్నాను. అలా నాలుగు శనివారాలు గడిచాయి.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఇంటికి వెళితే, ఆంటీ ఆ ప్రింట్ నా చేతిలో పెట్టారు. బోరాన్ వరసలో నా అంకెలు ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో సరైనవి రాసి ఉన్నాయి. సగం దాకానే. మార్జిన్‌లో, నేను మొదటిసారి దాచిన శనివారం తేదీ వేసి, రెండు మాటలు: "అమ్మాయి బాగా అలిసిపోయి ఉంది. వచ్చే శనివారం చెబుదాం."

అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడూ శనివారాలు వెళుతున్నాను. అప్పట్లో ఆవుల్ని కొలిచిన టేపు ఆయన కుర్చీ చేతికి వేలాడుతూనే ఉంది. ఆంటీ కళ్లజోడు సర్దుకుని, నోటుబుక్కులో ఆయన ఆగిన చోట వేలు పెట్టి, "వెనకదే కదమ్మా?" అని అడిగి చదువుతారు.