కాగిన పాట

మొన్న ఆదివారం అరకులో ఒక హోంస్టేలో కాఫీ తాగవలసి వచ్చింది. ఆ ఊళ్లో ఇప్పుడు మనిషి కాసేపు కూర్చోవడానికి హోంస్టే కాని చోటు దొరకడం కష్టం. వెదురు కుర్చీలు, గోడకి తగిలించిన థింసా ఆట డప్పులు, వాటిని జన్మలో వాయించని యజమాని. అలమరలో ఒక స్టీరియో, దాని పక్కన అరచేతిలో పట్టేంత నల్లపెట్టె. పెట్టె నెత్తిన రెండు గాజు వాల్వులు నారింజరంగులో వెలుగుతున్నాయి. దాన్ని ట్యూబ్ పెట్టె అంటారట. పాటని ఆ వాల్వుల గుండా నడిపించి స్టీరియోకి పంపితే పాతకాలపు వెచ్చదనం వస్తుందట. వాల్వు మొహం ఎరగనివాడికి చెప్పినట్టు యజమాని నాకు ఇదంతా విడమరిచి చెప్పాడు. కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. అతని తప్పేం లేదు. అలాంటి పెట్టెకీ నాకూ మధ్య కిందటి వానాకాలం మా చెల్లెలింట్లో జరిగిన సంగతి ఒకటి ఉంది.

అది చెప్పాలంటే ముందు మా నాన్నగారి రేడియో గురించి చెప్పాలి. మేం ముఠాదారులం. కొన్ని కొండగ్రామాల శిస్తు మా చావిట్లో చేరేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ పెత్తనం చేజారిపోతోంది. మిగిలింది నాన్నగారు కూర్చునే తీరు, ఆయన పక్కన నా భుజం ఎత్తున టేకు రేడియో. సీలేరు ప్రాజెక్టు కాలనీకి వచ్చిన కరెంటుని పట్టుబట్టి మా ఇంటిదాకా లాగించుకున్నారు, ఆ రేడియో కోసమే. వాల్వు రేడియో మీట నొక్కగానే పలకదు. లోపలి వాల్వులు వేడెక్కాలి. దానికి మా ఇంట్లో ఒక మాట ఉండేది, కాగడం. పాలు కాగినట్టు రేడియో కాగాలి. నిజానికి నిమిషంలో కాగేది. నాన్నగారు మాత్రం ధ్వని మీటని కిందికి తిప్పి ఉంచి, పావుగంటసేపు చెయ్యి దాని మీదే పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. వచ్చిన ఊరి పెద్దలు, కాలనీ ఇంజనీర్లు, అందరూ నిలబడే ఉండాలి. ఎవరూ దగ్గకూడదు. చివరికి ఆయన "కాగింది" అని మీట పైకి తిప్పేవారు. అప్పుడొచ్చే సన్నాయి వింటే ఒళ్లు ఝల్లుమనేది. అలాంటి ధ్వని నేను మళ్లీ వినలేదని యాభై ఏళ్లుగా చెబుతూ వచ్చాను.

మా ఇంట్లో పనిచేసే కొండమనిషి ఒకావిడ, నన్ను ఎత్తుకుని పెంచింది. ఒక ముసురు రోజున ఆవిడ వంటింట్లోంచి నిప్పుల కుంపటి తెచ్చి రేడియో కింద పెట్టింది. టేకు మీద మెరుగు పొక్కులు పొక్కిపోయింది. నాన్నగారు ఆ పొక్కుల మీదికి వంగి చూస్తూంటే ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "పాలకైతే నిప్పు ఎడతాం గదా బాబూ, దీనికి ఎట్టకపోతే ఎలగ కాగుతాది. బేగి కాగుతాదని ఎట్టాను." నాన్నగారు ఆవిడని ఏమీ అనలేదు. ఆ పొక్కుల గురించి అడిగిన వాళ్లకి మాత్రం, అది సీమ నుంచి ఓడలో వచ్చేటప్పుడు ఉప్పుగాలి తగిలి అయిందని చెప్పేవారు.

ఇక మా చెల్లెలి భర్త. మైదానం మనిషి. కాఫీ గింజల వ్యాపారం చేసి, మా నాన్నగారు గుర్రం కట్టించిన నేల పక్కనే నాలుగు గదులు కట్టి హోంస్టే తెరిచాడు. మంచివాడు కాదని అనను. కొత్త వస్తువు ఏది కనబడినా కొంటాడు, కొన్నదాన్ని పదిమందికీ చూపించేదాకా నిద్రపోడు. కిందటి వానాకాలం ట్యూబ్ పెట్టె కొన్నాడు. కొని నాకు కబురు పెట్టాడు. వెళ్లేసరికి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. "బావగారూ, మీరొచ్చి ఒక్క మాట సెప్తే సాలు. ముఠాదారుల వారి చెవి మెచ్చిన సంగీతం అని బోర్డు రాయించేత్తాను."

మా పేరు ఆ గుమ్మానికి, గదులున్నాయని రాసిన అట్ట పక్కన వేలాడుతుందన్నమాట. దానికన్నా ఆ పెట్టెని నేలకేసి కొట్టడం మేలనిపించింది. చెల్లెలు మాత్రం ముందే ఫోనులో బతిమాలింది, ఒక మంచి మాట చెప్పు, చెప్పలేకపోతే ఊరుకో, ఆయన మనసు చిన్నబుచ్చకు అని. నేను ఊరుకోదలచలేదు. మా ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలినవి రెండే, ఎవరికీ వంగని నా వెన్నూ నా చెవీ. వాటితో ఉన్నమాట చెప్పి, అది పిల్లల ఆటవస్తువని తేల్చేసి, భోజనం చేసి వచ్చేద్దామనుకున్నాను.

ముందు పెట్టె లేకుండా తిన్నగా స్టీరియోలో ఒక సన్నాయి రికార్డు వినిపించాడు. ఎండిపోయిన ధ్వని. తర్వాత స్టీరియో గుబ్బని పెట్టె వైపు తిప్పబోయాడు. వాల్వులు అప్పుడే వెలిగాయి. ఆగమన్నాను. కాగనివ్వమన్నాను. అతనికి ఆ మాట అర్థం కాలేదు గాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బయట ముసురు, కొండల మీద మబ్బు దిగి ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత కానివ్వమన్నాను.

ఏం చెప్పను. సన్నాయి నిండుగా వచ్చింది. అంచులు అరిగిన నున్నని ధ్వని, గొంతులోకి గోరువెచ్చని పాలు దిగినట్టు. ఆ చవకబారు పెట్టెలోంచి ఇది ఎలా వస్తోందని మనసులో తిట్టుకుంటూనే వింటున్నాను. మెచ్చుకోవడం నాకు చావుతో సమానం. అబద్ధమాడటం అంతకన్నా ఘోరం. చివరికి అనేశాను, "కాగింది" అని. అతను పొంగిపోయి, బోర్డు రాసేవాడికి ఫోను చేయడానికి వరండాలోకి పరిగెత్తాడు.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. చెల్లెలు పొయ్యి దగ్గర నా వైపు తిరగకుండా నిలబడింది. ముందుగదిలో స్టీరియో, పెట్టె ఉన్న అలమర వెనకవైపు వంటింటి నడవలోకి తెరిచే ఉంటుంది.

"అన్నయ్యా, పెట్టె వెనకాల ఒక స్విచ్చి ఉంటుంది. అది కిందికి నొక్కితే దీపాలు వెలుగుతాయిగానీ పాట వాటిలోకి పోదట, పక్కనుంచి తిన్నగా పోతుందట. ఈయన నాకు ఇరవైసార్లు చెప్పారు. పొద్దున గుడ్డపెట్టి తుడుస్తుంటే నా చెయ్యి తగిలి నొక్కుకుపోయినట్టుంది. ఇందాక నువ్వు వింటున్నప్పుడు చూశాను. కిందికే ఉంది."

నేను గ్లాసులో నీళ్లు ముంచుకున్నాను.

"ఆయనకి చెప్పకు. నువ్వూ మర్చిపో. రాత్రికి నేను పైకి నొక్కేస్తాను."

రెండుసార్లూ నేను విన్నది ఒకటే ధ్వని. మధ్యలో ఉన్నది నా నిరీక్షణ ఒక్కటే. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా అంతకన్నా పాడు ఆలోచన వచ్చింది. పావుగంట ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ ఊరి పెద్దలకి ఆ తర్వాత ఏది వినిపించినా గొప్పగానే ఉండేది. అది నాన్నగారికి తెలుసా? ఉప్పుగాలి కథ చెప్పిన మనిషికి తెలియకుండా ఉంటుందా? యాభై ఏళ్లు నేను రేడియో గొప్ప అనుకున్నది, ఆయన మనుషుల్ని నిలబెట్టగలిగిన గొప్పేమో. అది కూడా ఆయన చేతిలోంచి అప్పటికి సగం జారిపోయింది.

వరండాలో అతను బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో చెబుతున్నాడు. వెళ్లి అతని చేతిలోంచి ఫోను తీసుకుని కట్టేశాను. "బోర్డు వద్దు. నీ పెట్టె పలకనేలేదు, స్విచ్చి కట్టేసి ఉంది. పలికిందని నేనే అనుకున్నాను" అన్నాను. ఆ మూడు మాటలకీ వంగిన నా వెన్ను ఎంత నొప్పి పెట్టిందో నాకు తెలుసు.

అతను సిగ్గుపడతాడనుకున్నాను. హాయిగా నవ్వాడు. "అదా. పొద్దున్నుంచీ నేనూ బాగుంది బాగుంది అనుకుంటానే ఇన్నాను. అయితే మీకూ నాలాగే అయ్యిందన్నమాట బావగారూ."

నాలాగే. మా చావిట్లో నిలబడ్డవాళ్లెవరూ మా వాళ్లతో అనని మాట. అతను నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టి, స్విచ్చి పైకి నొక్కి, అదే సన్నాయి మళ్లీ వేశాడు. ఈసారి ఎవరూ నిలబడలేదు. చెల్లెలు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలాగి కూర్చుంది. పాట అయ్యాక అతను నా వైపు తిరిగి, ఇప్పుడేటి బావగారూ, తేడా ఉందా అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు.

మా ముఠా పోయినప్పుడు కొండల్లో ఊరూరా తెలిసింది. నా చెవి ఏ ఏడు పోయిందో నాకే తెలియదు. కాలం కొన్నిటిని నలుగురికీ చెప్పి పట్టుకుపోతుంది, కొన్నిటిని మనం నిటారుగా కూర్చుని తీర్పు చెబుతూ ఉండగానే తీసేసుకుంటుంది.