కుంకుమ బొట్టు పెట్టిన కార్బైడ్ ముక్కలు

ఆ రోజుల్లో నాకు డిప్లొమా మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. (ఇప్పుడు రెండింటి మీదా కాస్త తగ్గింది.) మనుబోలు దగ్గర హైవే పక్కన, కృష్ణపట్నం నుంచి వచ్చే రిపేరు పనులు చేసే చిన్న మెషిన్ షాపులో చేరి ఐదు నెలలైంది. ఆరో నెల నిండగానే నన్ను పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఓనరు గారు తేలుస్తారు. "ఆడపిల్లకి మిల్లింగ్ మిషనేందబ్బా" అని నేను చేరిన రోజే అన్న మనిషి ఆయన. అందుకని ఏ పని కనిపించినా నేనే ముందు ఎగబడేదాన్ని. కొంప ముంచింది ఆ ఎగబడడమే.

ఆయుధ పూజ వచ్చింది. అందరూ మెషిన్లు కడిగి బొట్లు పెడుతుంటే నేను పనిముట్ల బీరువా తెరిచాను. మిల్లింగ్ కట్టర్‌కు బిగించే కార్బైడ్ ఇన్సర్ట్‌లు, గోరంత పదును ముక్కలు, చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పదేసి ఉండేవి. ఏవి ఏ లోహానికో డబ్బా మీద చీటీ చెబుతుంది. మామూలు ఉక్కుకు నీలం, స్టెయిన్‌లెస్‌కు పసుపు, పోత ఇనుముకు ఎరుపు. కోసేది ముక్క కదా, డబ్బాకు పూజ ఏమిటి అనిపించింది నాకు. అన్నీ విప్పి, కడిగి, ఇత్తడి పళ్ళెంలో ముగ్గులా పేర్చి, ఒక్కోదానికీ ఒక్కో బొట్టు పెట్టాను. "పాప పద్ధతి గలది" అన్నారు ఓనరు గారు. ఐదు నెలల్లో ఆయన నోట నాకు దక్కిన మొదటి మంచి మాట అది. ఏ ముక్క ఏ డబ్బాలోదో మాత్రం ఆ క్షణం నుంచి ఎవరికీ తెలియదు.

మర్నాడే సముద్రపు నీళ్లు తోడే పంపు మూత ఒకటి వచ్చింది. ఉప్పుకు లొంగని మొండి స్టెయిన్‌లెస్. దాని ముఖం చదును చేయాలి. అది పాడైతే ఇంకోటి లేదు. మా హెడ్ మిషనిస్టు భాయ్ (ఆయన్ను పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు) నెల్లూరులో మేనకోడలి పెళ్ళిలో ఉన్నాడు. పళ్ళెంలో కొన్ని ముక్కలు బంగారు రంగువి, కొన్ని నల్లవి. స్టెయిన్‌లెస్‌కు పసుపు చీటీ కదా, కాబట్టి పచ్చగా మెరిసేవే దానివి అని తేల్చేశాను. (నవ్వకండి, డిప్లొమాలో నాకు ఫస్ట్ క్లాసు.) కట్టర్ మూతను తాకగానే వేసిన కేకకు నా పైప్రాణాలు పైనే పోయాయి. భయపడి మెల్లగా నడిపాను. మెల్లగా నడిపిన కొద్దీ అది కోయడం మానేసి రుద్దడం మొదలుపెట్టింది. మూత అద్దంలా మెరిసింది, ముక్కల మూలలు రాలిపోయాయి. ఇన్సర్ట్‌ల కేటలాగు తెరిస్తే ఒక్క స్టెయిన్‌లెస్‌కే ఆరు రకాలు. చదివే కొద్దీ మొదట తెలిసిందీ పోయింది. చివరికి పళ్ళెం ఫొటో తీసి భాయ్‌కి పంపాను.

"ఫొటోలో పదును కనపడదు పాపా. మిషను ఆపి కూర్చో, నేనొస్తా" అన్నాడు ఫోన్లో.

పెళ్ళి షేర్వానీలోనే, అత్తరు వాసనతో వచ్చాడు. మూత మీద చెయ్యి పెట్టి చూసి, "మెల్లగా ఎందుకు పోనిచ్చినావు?" అన్నాడు.

"భయమేసింది భాయ్. ఇది పోతే నన్ను ఇంటికి పంపించేస్తారు."

"భయపడితే ఈ ఉక్కు ఇంకా గట్టిపడతాది. రుద్దేకొద్దీ పైన రాయి అవతాది. దాని కిందికి దిగి, ఆగకుండా పోవాల."

ఇక పళ్ళెం ముందు కూర్చుని, ఒక్కో ముక్క అంచునూ ఎడమ బొటనవేలి గోరు మీద మెత్తగా లాగాడు. జారిపోతే పక్కన పెట్టాడు. గోరు మీద తెల్లటి పొడి లేస్తే, "ఇది చూడు, ఇట్టాంటి సన్నంచే దీనికి" అని నా చేతిలో పెట్టాడు. అలా ఏరినవాటిలో బంగారువీ ఉన్నాయి, నల్లవీ ఉన్నాయి. కాసేపటికి నేనూ నా గోరు ముందుకు చాపాను.

ఐదు ముక్కలు బిగించి, ఈసారి లోతుగా దిగి, ఆగకుండా పోయాం. రజను చుట్టలు చుట్టుకుంటూ రాలింది. మూత బతికింది. అప్పుడే ఓనరు గారు వచ్చి, "పొద్దునే అయిపోవాల్సింది గదా, ఏంది ఆలస్యం?" అన్నారు.

"పూజ చేసిన ముక్కలు సార్" అన్నాడు భాయ్, రజను ఊడుస్తూ. "బొట్టు చెరపకుండా వాడదామని చూసినాం, కుదర్లా."

కోప్పడాలో దండం పెట్టాలో ఆయనకు అర్థం కాలేదు. పళ్ళెం వంక చూసి, నా వంక చూసి, సరేనని వెళ్లిపోయారు. నెలాఖరుకు నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఇప్పుడు ఓ పెద్ద ఫ్యాక్టరీలో కట్టర్లూ ఇన్సర్ట్‌లూ ఎంపిక చేసే కుర్చీ నాదే. కేటలాగు అప్పటికంటే లావైంది, నా అయోమయమూ దానితో పాటే పెరిగింది. ఎటూ తేలనప్పుడు గది తలుపు వేసుకుని, ముక్కను గోరు మీద లాగి చూస్తాను. మొన్న మా అమ్మాయి నాకు గోళ్ళ రంగు వేస్తూ, ఎడమ బొటనవేలి మీది గీతలు చూసి, "ఇదేంటమ్మా, దీని మీద రంగు నిలవట్లేదు" అంది. "దాన్నొదిలెయ్, అది భాయ్‌ది" అన్నాను. మిగిలిన తొమ్మిదింటికీ వేసింది.