కట్టు లోపలి పనివాళ్లు

గోదావరి దాటి నరసాపురం రేవులో పంటు దిగుతూ తడి చెక్క మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు విరిగింది. వేరే ఏ ఎముక విరిగినా అంత ఏడ్చేదాన్ని కాదు. లేసు అల్లిక తప్ప నాకు వేరే పని రాదు, ఆ అల్లికంతా మణికట్టు తిప్పడంలోనే ఉంది.

సిమెంటు కట్టుతో ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పథ్యం ప్రకటించేశారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, చేపల ఊసే వద్దు. అవి తింటే చీము పడుతుందని మావైపు గట్టి నమ్మకం. చర్మం ఎక్కడా తెగలేదు మొర్రో అన్నా వింటేగా!

"కట్టు లోపల చీము పడితే ఎవరు చూడొచ్చారే?" అన్నారు.

ఆదివారం వీధంతా చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే నేను కంచంలోని బీరకాయ కూర వంక గుర్రుగా చూస్తూ కూర్చునేదాన్ని.

రెండోసారి ఎక్స్‌రే తీసినప్పుడు డాక్టరుగారు మొహం చిట్లించారు. అతుకు బాగా నెమ్మదిగా పడుతోందట. ఇలాగే ఉంటే ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలట. మణికట్టు మునుపటిలా తిరుగుతుందా అని అడిగితే, చెప్పలేనమ్మా అన్నారు. ఏం తింటున్నావని అడిగారు. చెప్పాను. వెంటనే అత్తగారిని లోపలికి పిలిపించారు.

"ఎముక విరగ్గానే వాపొచ్చింది చూశారా అండి? రక్తంలో తెల్లకణాలు పరుగున వచ్చి చేరాయన్నమాట. చితికిందాన్ని శుభ్రం చేసేవీ, కొత్త ఎముక కట్టే కణాలకి కబురు పెట్టేవీ అవే. ఇంత పని జరగాలంటే మీరు వద్దన్న పప్పూ గుడ్డూ చేపే కావాలండి."

"మరి చీమో?" అత్తగారు వదల్లేదు.

"చీములో ఉండేది చాలావరకు క్రిములతో పోరాడి చచ్చిపోయిన తెల్లకణాలేనండి. చర్మమే తెగనప్పుడు ఇక్కడ క్రిములెక్కడివి?"

అత్తగారు నా కట్టు వంక చూశారు. "అయితే ఇన్నాళ్లూ మనవాళ్లనే పస్తు పెట్టానా!" అన్నారు.

ఇక చూడాలి నా అవస్థ! పప్పు మీద నెయ్యి, పులుసులో చేప ముక్కలు. చాలంటే, "నీక్కాదే, లోపల పనిచేసేవాళ్లకి" అంటూ ఇంకో గుడ్డు వడ్డించేవారు. ఎడంచేత్తో తినలేక నేను అలిసిపోయేదాన్ని గానీ ఆవిడ మాత్రం అలిసిపోలేదు.

తర్వాతి ఎక్స్‌రేలో విరిగినచోటు చుట్టూ తెల్లగా కొత్త ఎముక కనిపించింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. తిండి వల్లేనా అండీ అంటే, తిండి కూడా సాయపడింది అన్నారు డాక్టరుగారు. అత్తగారికి ఆ "కూడా" వినబడలేదు.

కట్టు విప్పాక చెయ్యి కర్రలా ఉంది. ఏడుస్తూనే రోజూ వ్యాయామం చేశాను. ఒక ఉదయం లేసు సూది పట్టుకుని మణికట్టు తిప్పితే, తిరిగింది! ఒక పువ్వు పూర్తయ్యేదాకా అత్తగారు నా పక్కనుంచి కదల్లేదు. అవగానే దాన్ని లాక్కుని ఇంటింటికీ చూపించడానికి వీధిలోకి నడిచారు. నేనేం సిగ్గుపడలేదు. కుడిచెయ్యి ఊపుకుంటూ ఆవిడ వెనకాలే వెళ్లాను.